జపాన్ మూకీ సినిమా ఆడుతుండగా హాల్లో సంగీతం వాయించడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మూకీ అంటే చప్పుడు లేని సినిమా.

వాస్తవం: జపాన్ హాళ్లలో తెర పక్కనే బెన్షి అనే వ్యాఖ్యాత ఉండేవాడు. కథ చెబుతూ, పాత్రలన్నిటి మాటలూ తనే పలికేవాడు. వాద్యబృందం అతనికి వంత. 1931లో దర్శకుడు గోషో తీసిన టాకీ బాగా ఆడాక కూడా అక్కడ మూకీలు ఆగలేదు. మరో దర్శకుడు ఓజు తన మొదటి కథా టాకీ తీసింది 1936లో. దర్శకుడు కినుగాసా 1926లో తీసిన మూకీ 'కురుత్త ఇప్పేజి'లో మాటలు రాసి చూపే అక్షరాల కార్డులే లేవు. బెన్షి లేకుండా చూస్తే అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకోవడం చాలా కష్టం.

అపోహ: కోటో (జపాన్ తంత్రీవాద్యం), షాకుహాచీ (వెదురు వేణువు) ఉండాల్సిందే. లేదంటే మోహన రాగం వాయిస్తే జపాన్ వచ్చేస్తుంది.

వాస్తవం: 1920ల హాళ్లలో షామిసెన్ (మూడు తీగల మీటు వాద్యం), తైకో డోలు పక్కనే వయొలిన్, క్లారినెట్, పియానో మోగేవి. ఆ కలయికను 'వాయో గస్సో' అనేవారు. కత్తియుద్ధాలకు షామిసెన్ జోరు కావాలి. టోక్యో గుమాస్తాల కథకు పియానో, వయొలిన్ చక్కగా సరిపోతాయి.

స్వరాల సంగతి కర్ణాటక సంగీతం తెలిసిన మనవాళ్లకు తేలికే. మియాకోబుషి అనే జపాన్ స్వరాల వరుస స, రి1, మ1, ప, ద1. అంటే 'కర్ణాటక శుద్ధ సావేరి' అనే పేరున్న రాగం స్వరాలు. జానపదాల్లో వినిపించే 'యో' అనే వరుస స్వరాలు వేరే రాగమైన మామూలు 'శుద్ధ సావేరి'వి (స, రి2, మ1, ప, ద2). మోహనం స్వరాలూ జపాన్‌లో ఉన్నాయి, కానీ అవి మెయిజీ కాలం (1868-1912) నుంచి వచ్చిన బడిపాటల బాణీ. సమురాయ్ కథకు అతకవు. ఏది వాయించినా స్వరాన్ని నిలబెట్టి పలికించాలి. ఒక్క కంపితం (స్వరాన్ని ఊపడం) పడిందా, అది మన కచేరీ అయిపోతుంది.

అపోహ: వీడియో చూసి నిమిషాలు రాసుకుంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 35 ఎం.ఎం. ఫిల్మ్ 1000 అడుగుల్లో 16,000 ఫ్రేములుంటాయి. సెకనుకు 16 చొప్పున తిప్పితే 16 నిమిషాల 40 సెకన్లు, 24 చొప్పున అయితే 11 నిమిషాల 7 సెకన్లు. ఇంట్లో చూసిన వీడియో ఒక వేగం, హాల్లో వేసే కాపీ ఇంకో వేగం కావచ్చు. ఏ కాపీ, ఏ వేగమో ప్రొజెక్టర్ నడిపేవారిని ముందే అడగండి. కాగితంలో గడియారం వద్దు, మూడు గడులు చాలు: తెరమీద ఏం కనిపిస్తే మొదలు, ఏ బాణీ, ఎక్కడ దిగాలి. ప్రతి బాణీ చివర రెండు ఆవర్తాలు ఎన్నిసార్లయినా తిప్పేలా, ఎక్కడైనా తెంపేలా కట్టుకోండి.

అపోహ: బెన్షి మైకులో మాట్లాడతాడు కదా, మన పాటికి మనం వాయించొచ్చు.

వాస్తవం: శబ్దం తగ్గించినంత మాత్రాన సరిపోదు. పియానో మధ్య స్థాయిలో ఎడమచేయి నిండుగా పడితే మగగొంతు అందులో మునిగిపోతుంది. మాట నడుస్తున్నప్పుడు పై స్థాయిలో పలచగా, నిలకడ స్వరాలతో ఉండండి. సంగతులు వేస్తే చెవి మాటను వదిలి పాట వెంట పోతుంది. బెన్షితో కలిసి కనీసం ఒక్కసారైనా సినిమా మొత్తం వాయించి చూడాలి. స్టాండు దీపం కాంతి తెరమీద పడకుండా చూసుకోవాలి.

అపోహ: తెరమీద కదిలిన ప్రతిదానికీ వాయించాలి, నవ్వుకు నవ్వు సంగీతం, ఎక్కడా ఆగకూడదు.

వాస్తవం: తెరమీద ఎవరైనా షామిసెన్ మీటితే, గంట కొడితే కచ్చితంగా అందుకోండి. ప్రతి అడుగుకూ దెబ్బ వేస్తే మాత్రం బొమ్మల సినిమా అవుతుంది. ఓజు 1932లో తీసిన 'ఉమరేతె వ మిత కెరెదొ' (పుట్టడమైతే పుట్టాం కానీ) చూడండి. యజమాని ఇంట్లో ఫిల్ములు వేస్తుంటే, అందులో తండ్రి వెకిలి మొహాలు పెడతాడు. గదిలో అందరూ నవ్వుతారు. అతని ఇద్దరు కొడుకులు సిగ్గుతో చచ్చిపోతారు. అక్కడ చివరిదాకా హాస్యపు బాణీ వాయిస్తే ఆ పిల్లల్ని చూసి మనమూ నవ్వినట్టే. ఆ గదిలో మోగుతున్నట్టు తేలికపాటి వాల్ట్జ్‌తో మొదలుపెట్టండి. పిల్లల మొహాలు మారగానే ఎడమచేయి తీసేయండి, తర్వాత ఒక్కో స్వరమే మిగల్చండి. వాళ్లు లేచేసరికి పూర్తిగా ఆపేయండి.