ఎన్నారై ఓటు: దారి మళ్లింది 2017లో

ఓటర్ల జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ (సర్‌) పుణ్యమా అని ఎన్నారై ఓటు గొడవ మళ్లీ పైకి వచ్చింది. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చినప్పుడు "మావాడు దుబాయ్‌లో ఉన్నాడు" అని చెబితే పేరు ఉంచుతారా, తీసేస్తారా అన్నదే ఇప్పుడు గల్ఫ్ కుటుంబాల టెన్షన్. రూల్ ప్రకారం విదేశంలో ఉంటున్నవాళ్ల పేరు మామూలు జాబితాలో ఉండకూడదు. వాళ్లు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊళ్లో విదేశీ ఓటరుగా నమోదు కావాలి. ఆ వీలు 2010 చట్ట సవరణతో వచ్చింది. అయితే పోలింగ్ రోజున ఒరిజినల్ పాస్‌పోర్టుతో బూత్‌కు స్వయంగా రావాలి.

ఆ షరతు ఎవరికి భారమో వేరే చెప్పాలా? డాలస్‌లో ఉద్యోగం చేసేవాళ్లు సెలవు పెట్టి విమానం ఎక్కగలరు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీకి టికెట్ డబ్బులు ఒక సమస్య, కంపెనీ దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు మరో సమస్య.

దీని మీదే లండన్‌లో ఉంటున్న తెలుగువాడు చిందం నాగేందర్ 2013లో, యూఏఈలో ఉండే కేరళ డాక్టర్ షంషీర్ ఆ మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నికల సంఘం కమిటీ వేసింది. బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపి, ఓటు వేశాక పోస్టులో తెప్పించుకోవడం ఒక దారి, ఊళ్లో ఉన్న నమ్మకస్తుడితో ఓటు వేయించే ప్రాక్సీ ఇంకో దారి అని 2014లో చెప్పింది. సిఫార్సులకు ఒప్పుకుంటున్నామని 2015 జనవరిలో కేంద్రం కోర్టుకు తెలిపింది.

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. 2016 అక్టోబరులో సైనికుల వంటి సర్వీసు ఓటర్లకు బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపేలా నిబంధనలు మార్చారు. పార్లమెంటులో బిల్లు అక్కర్లేకపోయింది. నవంబరులో పుదుచ్చేరిలోని నెల్లితోపు ఉపఎన్నికలో వాడి చూశారు కూడా. అదే పద్ధతిని ఎన్నారైలకు ఇచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ 2017 ఆగస్టులో కేబినెట్ ప్రాక్సీకి మొగ్గింది. దానికి చట్టమే మార్చాలి. పైగా చెప్పిన గుర్తుకే ప్రాక్సీ ఓటేశాడా లేదా అన్నది తేల్చుకునే మార్గం లేదు. రహస్య ఓటు గతేమిటన్న విమర్శా వచ్చింది. లోక్‌సభ 2018 ఆగస్టు 9న బిల్లును ఆమోదించింది. రాజ్యసభలో చర్చకే రాలేదు. 2019లో లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది.

రెండు దారుల్లో కష్టమైనదాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆ 2019 అక్టోబరులోనే 80 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. దానికీ నిబంధనల సవరణే సరిపోయింది. ఏ వర్గానికి పోస్టల్ ఓటు ఇవ్వాలో కేంద్రంతో సంప్రదించి నోటిఫై చేసే అధికారం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 60(సి) సెక్షన్ కింద ఈసీకి ఉంది. దాన్ని చూసుకునే కాబోలు, 2020 నవంబరులో ఈసీ న్యాయశాఖకు లేఖ రాసింది. కేరళ, తమిళనాడు, బెంగాల్, అసోం, పుదుచ్చేరి ఎన్నికల్లో ఎన్నారైలకు ఆన్‌లైన్ బ్యాలెట్ పంపడానికి సిద్ధంగా ఉన్నామంది. ఆ ఎన్నికలు అయిపోయాయి, బ్యాలెట్లు మాత్రం వెళ్లలేదు.

ఆన్‌లైన్ బ్యాలెట్ ఇస్తే గల్ఫ్‌లో యజమానులు ఒత్తిడి తెస్తారని, బ్యాలెట్‌తో పాటు ఓటరు ఇచ్చే డిక్లరేషన్లకు సంతకాలు పెట్టే పని దౌత్య కార్యాలయాలకు భారమవుతుందని అభ్యంతరాలు ఉన్నాయి. కొట్టిపారేయదగ్గవి కావు.

2024 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా కలిపి సుమారు 1.19 లక్షల మంది ఎన్నారైలు నమోదయ్యారు. ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో ఏడున్నర వేల మందికి పైగా నమోదైతే బూత్‌కు వచ్చినవారు రెండు వందలకు లోపే. ఆ మే నెలలో అమెరికా నుంచి విమానాలు దిగి ఓటేసినవాళ్లను టీవీల్లో చూశాం కదా అనొచ్చు. వాళ్లలో మామూలు జాబితాలో పేరున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. సర్‌ తనిఖీలో ముందుగా ప్రశ్న ఎదురయ్యేది అలాంటి పేర్లకే.

2022 నవంబరులో సుప్రీంకోర్టు ఈ పిటిషన్ల విచారణ ముగించింది. ఎన్నారై ఓటుకు మార్గాలు పరిశీలిస్తున్నామని అటార్నీ జనరల్ ఇచ్చిన హామీయే అందుకు ఆధారం.