అంకె ఒక్కటే చదివితే చాలదు

ప్రియమైన పిల్లలూ,

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ అంకెల మీదికే పోతుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న ప్రమాణాన్ని, అంటే ఏ కొలతలో కొలిచారో చెప్పే మాటను, పట్టించుకునేవారు తక్కువ. అది లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

పరగడుపున తీసిన రక్తంలో గ్లూకోజు ఒక రిపోర్టులో 90, మరో దానిలో 5 అని ఉందనుకోండి. రెండూ ఒకటే కావచ్చు! మొదటిది డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్లకు, ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది. రెండోది లీటరుకు ఎన్ని మిల్లీమోల్‌లో చెబుతుంది. ఒకటి బరువు తూచడం, ఇంకొకటి అణువులను లెక్కపెట్టడం. మోల్ అంటే సుమారుగా 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేన్ని అణువులు. అన్ని గ్లూకోజు అణువుల బరువు దాదాపు 180 గ్రాములు. మిల్లీమోల్ అందులో వెయ్యో వంతు, అంటే 180 మిల్లీగ్రాములు. లీటరుకూ డెసిలీటరుకూ ఉన్న పది రెట్ల తేడా తీసేస్తే 18 మిగులుతుంది. 90ని 18తో భాగించి చూడండి.

అయితే ఈ 18 గ్లూకోజుకు మాత్రమే. కొలెస్టరాల్ అణువు అంతకంటే బరువైనది కాబట్టి దానికి సుమారు 38.7తో భాగించాలి, 200 ఉంటే 5.2 దాకా వస్తుంది. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ విషయంలో మరీ కంగారు పడతారు. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అన్నా, లీటరుకు 88 మైక్రోమోల్ (మోల్‌లో పది లక్షో వంతు) అన్నా దాదాపు ఒకటే. ఎప్పుడూ 1 చూసినవారికి హఠాత్తుగా 88 కనిపిస్తే గుండె జారిపోదా?

కాలేయ పరీక్షలో ఎంజైముల, అంటే ఒంట్లో రసాయన మార్పులను వేగంగా జరిపించే పదార్థాల, లెక్క వేరు. అక్కడ బరువు తూచరు, పని కొలుస్తారు. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగల ఎంజైమును ఒక యూనిట్ అంటారు. ఆ పని వేగం ఉష్ణోగ్రతను బట్టి, పరీక్షించే పద్ధతిని బట్టి మారుతుంది. అందుకే ఒక ప్రయోగశాల ఇచ్చిన సాధారణ పరిమితిని మరొకదాని ఫలితానికి అంటగట్టకూడదు. నేను దీన్ని గట్టిగా చెబుతున్నాను.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను మైక్రోలీటరుకు 2,50,000 అని కొందరు రాస్తారు, లీటరుకు 250 × 10⁹ అని కొందరు రాస్తారు. అదీ ఒకటే.

పాత రిపోర్టునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ముందు ప్రమాణాలు సరిపోయాయో లేదో చూడండి. ఫోనులో డాక్టరుకు ఫలితం చెప్పేటప్పుడు అంకె, ప్రమాణం, అదే వరుసలో ఇచ్చిన సాధారణ పరిమితి, మూడూ చదివి వినిపించండి.

ప్రేమతో,
మీ తాతయ్య