లీగ్‌కి ఎక్కితే ఏడాదంతా ఆటేనా? అమ్మాయిల ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పొద్దున ఆరింటికి నా దగ్గరికి ప్రాక్టీసుకొచ్చే అమ్మాయిలు ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్లకంటే, వాళ్లను బండి మీద దింపే అమ్మానాన్నలకే సందేహాలెక్కువ. దేశంలో అమ్మాయిల క్లబ్బు జట్లు ఆడే ఇండియన్ విమెన్స్ లీగ్ అని ఒకటుందని తెలిశాక అవి రెట్టింపయ్యాయి. గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పే టైమ్ ఉండదు కాబట్టి, ఎక్కువగా వినపడేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఆడపిల్లలది చిన్న బంతి, చిన్న గోల్‌పోస్టు, తక్కువ టైమ్.

కాదు. అవే 90 నిమిషాలు, అదే 5వ నంబరు బంతి, అదే 7.32 మీటర్ల గోల్‌పోస్టు. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: "లీగ్‌ల ఆడితే ఏడాదంత ఆటే, నెలనెలా జీతమే కద మేడం?"

ఒక నాన్న అడిగిన మాట ఇది. పాపం, బిడ్డ ఇంటర్ మాన్పించాలా అని కూడా అడిగాడు. వద్దన్నాను. ఎందుకో 2024-25 సీజన్ లెక్క చూస్తే తెలుస్తుంది. మొత్తం 8 జట్లు. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో రెండేసి సార్లు ఆడాలి, అంటే 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలైంది, ఏప్రిల్‌లో అయిపోయింది. అదే ఏడాది మగవాళ్ల ఇండియన్ సూపర్ లీగ్‌లో (ఐఎస్ఎల్) ఒక్కో జట్టుకు లీగ్ దశలోనే 24 మ్యాచ్‌లు.

ఈ 14 కూడా పెరుగుతూ పెరుగుతూ వచ్చిన అంకే. 2017లో మొదటి సీజన్ ఫైనల్ రౌండ్ ఢిల్లీలో పెట్టారు. ఆరు జట్లూ ఒకే ఊళ్లో దిగి, మూడు వారాల్లోపే ఆడేసి, పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఇళ్లకు వెళ్లిపోయాయి. 2021-22లో భువనేశ్వర్‌లో 12 జట్లు, ఒక్కో జట్టుకు 11 మ్యాచ్‌లు. గోకులం కేరళ పదకొండూ గెలిచింది. ఒకసారి సొంతూళ్లో, ఇంకోసారి ఎదుటి జట్టు ఊళ్లో ఆడే పద్ధతి 2023-24 దాకా రానేలేదు.

జీతం సంగతి. ప్రతి క్లబ్బూ కనీసం పది మంది మన దేశపు అమ్మాయిలకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని 2023లో మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ నిర్ణయం తీసుకుంది. మంచిదే. కానీ జట్టులో ఉండేది పది మందే కాదు కదా. మిగతావాళ్ల మాటేంటి? నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి వేరే రాష్ట్రంలో ఒక క్లబ్బుకు వెళ్లింది. కాగితం మీద సంతకం లేదు, "భోజనం, వసతి మాదే" అన్న మాట ఒక్కటే. సీజనంతా బెంచీ మీద కూర్చుని, ట్రైన్ టికెట్ డబ్బులు ఇంటి నుంచి తెప్పించుకుని కాజీపేటలో దిగింది. అప్పటి నుంచి కాంట్రాక్టు కాగితం నేను చదవనిదే ఎవరినీ పంపను.

నన్నడిగితే మన దగ్గర ఆడే పిల్లలకు కొరత లేదు, మ్యాచ్‌లకే కొరత. పద్నాలుగింటిలో నాలుగు కూడా దక్కని అమ్మాయి ఇక్కడే ఉండి కాలేజీ టోర్నీలు, రాష్ట్ర జట్టు సెలెక్షన్లు ఆడుకోవడం మేలు. సీనియర్ నేషనల్స్ అయిన రాజమాత జిజాబాయి ట్రోఫీకి దారి అటు నుంచే.

అపోహ: ఛాంపియన్ జట్టులో సీటు దొరికితే ఇక ఢోకా లేదు.

2023-24లో ఒడిశా ఎఫ్‌సీ ఛాంపియన్. మరుసటి సీజన్‌లో అదే జట్టు రెండో డివిజన్‌కు జారిపోయింది. అందుకే క్లబ్బు పేరు చూడకండి. మీ అమ్మాయి ఆడే స్థానంలో అప్పటికే ఎంతమంది ఉన్నారో అడగండి.

అపోహ: అది మణిపూర్, కేరళ వాళ్ల ఆట. మనవాళ్ల వల్ల కాదు.

మొదటి టైటిల్ మణిపూర్ జట్టుదే, ఆ తర్వాత గోకులం వరసగా మూడు కొట్టింది, నిజమే. 2024-25లో ఆడిన ఎనిమిదింటిలో తెలంగాణ క్లబ్బు ఒక్కటీ లేదు, అదీ నిజమే. కానీ ఆ సీజన్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు 9 గోల్స్ కొట్టిన గుగులోత్ సౌమ్య ఎవరు? మన నిజామాబాద్ బిడ్డ. 2022లోనే క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లొచ్చింది. 2024-25కు ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే. మనకు లేనిది క్లబ్బు, కాళ్లు కాదు.

అపోహ: గోల్స్ కొట్టేదంతా విదేశీయులే.

ఇందులో సగం నిజముంది. 2024-25లో గోకులానికి ఆడిన ఉగాండా అమ్మాయి ఫజీలా ఇక్వాపుట్ ఒక్కతే 24 గోల్స్ కొట్టింది. అయితే ఈస్ట్ బెంగాల్‌కు టైటిల్ ఖాయం చేసిన గోల్ మన సంగీతా బాస్ఫోర్‌ది. మూడు నెలలు తిరక్కుండానే థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన జట్టు ఆసియా కప్‌కు వెళ్లింది. ఆ రెండు గోల్సూ సంగీతవే.

అపోహ: ఆ మూడు రోజులు ఆడొద్దు. మోకాలు పోతే పెళ్లి కూడా కాదు.

మొదటిదానికి వైద్యపరంగా ఏ అడ్డూ లేదు. ఓపికుంటే ఆడొచ్చు, లేకపోతే ఆ రోజు కూర్చోవచ్చు. రక్తస్రావం మరీ ఎక్కువైతే మాత్రం హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. "పిల్ల బద్ధకం చేస్తోంది" అని తీసుకొచ్చిన ఇద్దరిలో నేను చూసింది రక్తహీనతే.

మోకాలి భయం మాత్రం ఉత్తదేం కాదు. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. అలాగని ఆట మాన్పించక్కర్లేదు, నేల మీద వాలడం నేర్పాలి. గ్యాలరీ మొదటి మెట్టు మీంచి దూకమంటాను. కొత్తగా వచ్చిన పిల్ల దబ్బుమని పడుతుంది, రెండు మోకాళ్లూ లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగులుతాయి. ప్రమాదం అక్కడే. పిల్లి దూకినట్టు దూకాలి: మోకాళ్లు వంగి, పాదాల వేళ్ల మీదుగా, చప్పుడు లేకుండా. ఫిఫా 11+ అనే వార్మప్‌లో ఉండేవి ఇలాంటివే, 20 నిమిషాల పని. వారానికి కనీసం రెండుసార్లు చేస్తే దెబ్బలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఖర్చు పైసా లేదు.

పెళ్లి మాట అన్న ఆ తల్లికి ఇదంతా చూపించాను. ఇప్పుడామె కూతుర్ని దింపి వెంటనే వెళ్లదు, గ్యాలరీ పక్కన నిలబడి చెవులు రిక్కించి వింటుంది. మొన్న వెళ్తూ వెళ్తూ అంది: "మేడం, ఇయ్యాల చప్పుడు రాలే."