కేస్ చర్చకు పెద్దరికం ఎవరిది: బెల్లా విస్టా నుంచి ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ దాకా

ఐసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడే కొద్దీ హైదరాబాద్ చుట్టుపక్కల ఎంబీఏ కళాశాలల ప్రచార పత్రాల్లో ఒక హామీ ఏటికేడు పెద్ద అక్షరాలకు ఎక్కుతోంది. తమ తరగతుల్లో కేస్ చర్చలను, అంటే ఒక సంస్థకు ఎదురైన సమస్యను ముందు పెట్టుకుని విద్యార్థులు చేసే చర్చలను, పరిశ్రమలో పాతికేళ్లు పనిచేసిన అనుభవజ్ఞులే నడిపిస్తారన్నది ఆ హామీ. దానికి రెగ్యులర్ అధ్యాపకుల అభ్యంతరమూ అంతే గట్టిగా వినిపిస్తోంది. పీహెచ్‌డీ చేసి, తమ నియామకానికి విశ్వవిద్యాలయ ఆమోదం (ర్యాటిఫికేషన్) కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తమను పక్కన పెట్టి, ఒక్క సెమిస్టరైనా పాఠం చెప్పని వారికి ఆచార్య పదవి కట్టబెట్టడం ఏం న్యాయమని వారు అడుగుతున్నారు. వృత్తి అనుభవం ఆధారంగా ఆచార్య పదవి ఇచ్చే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలను యూజీసీ 2022లో తెచ్చినప్పుడు రాజుకున్న ఈ పేచీ ప్రవేశాల కాలం వచ్చినప్పుడల్లా మళ్లీ భగ్గుమంటోంది. కేస్ పద్ధతి న్యాయవిద్యలో పుట్టి వ్యాపార విద్యలోకి ఎలా వచ్చిందో, ఐఐఎంలు దాన్ని మన దేశానికి ఎలా తెచ్చాయో ఈ రంగంలో ఉన్నవారికి కంఠతా వచ్చిన సంగతే కాబట్టి ఆ కథను మొదటి నుంచి ఇక్కడ చెప్పడం లేదు. నేటి తగాదా మూలాన్ని హార్వర్డ్ ఉన్న బోస్టన్‌లో కన్నా మన రాజ్‌భవన్ రోడ్డులోనే వెతకడం మేలు.

ఆ రోడ్డులోని బెల్లా విస్టా ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసం. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, మనం పొట్టిగా ఆస్కీ అని పిలుచుకునే సంస్థ, 1957 చివర్లో తన తొలి కార్యక్రమాన్ని అక్కడే మొదలుపెట్టింది. సైన్యాధిపతిగా పదవీ విరమణ చేసిన జనరల్ శ్రీనగేశ్ దానికి తొలి ప్రిన్సిపాల్. ఇంగ్లండులోని హెన్లీ స్టాఫ్ కాలేజీని నమూనాగా తీసుకున్న ఈ సంస్థలో ఉపన్యాసాలకు పెద్ద పీట లేదు. ప్రభుత్వ శాఖల నుంచి, ప్రభుత్వ రంగ సంస్థల నుంచి, ప్రైవేటు కంపెనీల నుంచి వచ్చిన అధికారులను పది మంది చొప్పున ‘సిండికేట్లు’గా విడదీసేవారు. ఒక్కో అంశానికి ఒక్కొక్కరు అధ్యక్షులు, ఒక్కొక్కరు కార్యదర్శులు అయ్యేవారు. సమస్యను చర్చించి, నివేదిక రాసి, మిగతా సిండికేట్ల ముందు దాన్ని నిలబెట్టుకోవలసిన బాధ్యత వారిదే. సంస్థ తరఫున కూర్చునే వ్యక్తి చర్చ దారి తప్పకుండా చూసేవాడే తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

ఈ ఏర్పాటులోని కీలకం పైకి కనిపించదు. అక్కడ అనుభవమంతా కుర్చీల్లోనే ఉండేది. సరకు నిల్వలు పేరుకుపోయినప్పుడు ఎవరిని పిలవాలో, కార్మిక సంఘం సమ్మె నోటీసు ఇచ్చినప్పుడు ఏ మాట అనకూడదో స్వయంగా ఎదుర్కొన్నవారు ఒకరికొకరు ఎదురుగా కూర్చునేవారు. నడిపించేవాడికి అనుభవం ఉందా లేదా అన్న ప్రశ్న అందుకే పెద్దగా తలెత్తలేదు. కొన్నేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవారిని చేర్చుకుని ఒక్క ఏడాదిలో కోర్సు ముగించే పద్ధతితో 2001లో గచ్చిబౌలిలో మొదలైన బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ కూడా కొంత మేరకు ఇదే సూత్రం మీద నడుస్తోంది. అక్కడ విదేశాల నుంచి వచ్చిన ఆచార్యుడు చర్చ నడిపినా, ‘మా ప్లాంటులో అలా జరగదు’ అని అడ్డం తిరిగే గొంతు తరగతిలో ఎప్పుడూ ఒకటుంటుంది.

అనుబంధ కళాశాలల ఎంబీఏ తరగతికి వచ్చేసరికి ఆ కుర్చీల్లో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లలు కూర్చున్నారు. బీకాం, బీటెక్ పరీక్షల నుంచి నేరుగా వచ్చినవారు. జీతం ఇచ్చిందీ లేదు, తీసుకున్నదీ లేదు. కుర్చీల్లో లేని అనుభవాన్ని బల్లకు ఇవతలి నుంచి ఎవరో ఒకరు తీసుకురావాలి. ఆ ఒకరు ఎవరన్నదే ఇప్పుడు జరుగుతున్న తగవు. ఈ మార్పు ఏ జీవోతోనూ జరగలేదు కనుక దానికి కచ్చితమైన తేదీ లేదు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ దాన్ని తిరుగులేనిదిగా చేసింది. పేద కుటుంబాల పిల్లలకు ఉన్నత విద్య తలుపులు తెరిచిన పథకంగా దాని మేలును తక్కువ చేయనక్కరలేదు. అదే పథకం ఊతంగా సీట్లు పెరిగిన వేగానికి తగ్గట్టు చర్చ నడపగలిగినవారు పెరగలేదన్నది మాత్రం నిజం. కేస్ మెల్లగా ప్రశ్నపత్రంలో చివరి ప్రశ్నగా స్థిరపడింది. అర పేజీ కథ, కింద రెండు ప్రశ్నలు, జవాబుకు మార్కులు. చర్చించవలసిన విషయం రాయవలసిన విషయంగా మారిపోయింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లక తప్పదు. అనుభవజ్ఞులను తరగతికి పిలవడం ఏదో కొత్త వింత అన్నట్టు ఇప్పుడు మాట్లాడుతున్నారు గానీ, వ్యాపార విద్యలో కేస్ పద్ధతి మొదలైందే వారితో. హార్వర్డ్‌లో 1911లో ఆర్చ్ షా అనే పత్రికాధిపతి ‘బిజినెస్ పాలసీ’ కోర్సును చేపట్టినప్పుడు వ్యాపారులనే తరగతికి రప్పించారు. తొలి రోజు వ్యాపారి వచ్చి తన సంస్థలో అప్పటికి తెగని ఒక సమస్యను విద్యార్థుల ముందు పెట్టేవాడు. విద్యార్థులు దాని మీద నివేదిక రాసి ఇచ్చేవారు. ఆ తరువాతి తరగతికి ఆయనే మళ్లీ వచ్చి, ఎవరి సలహా నిలుస్తుందో, ఎవరిది నిలవదో వారితోనే వాదించేవాడు. అచ్చు కేసులు ఆ తరువాతి సంగతి. న్యాయశాస్త్రం చదివి బ్యాంకులో పనిచేసి వచ్చిన వాలెస్ డోనమ్ 1919లో డీన్ అయ్యాక, వ్యాపారి ప్రతిసారీ రాలేడు కాబట్టి అతని సమస్యను కాగితం మీద పెట్టించే పని ఊపందుకుంది. అంటే కేస్ అనేది రాలేకపోయిన మనిషి పంపిన ఉత్తరం లాంటిది. మన కళాశాలల్లో ఆ ఉత్తరం మిగిలి, రాసిన మనిషి సంగతి మరుగున పడింది.

పీహెచ్‌డీ పట్టుదల కూడా గాలిలో నుంచి ఊడిపడలేదు. 1959లో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్ కోసం గోర్డన్, హోవెల్ రాసిన నివేదిక, అదే ఏడాది కార్నెగీ కార్పొరేషన్ కోసం పియర్సన్ రాసిన నివేదిక అక్కడి వ్యాపార కళాశాలలను చేతిపని నేర్పే బడులుగా ఎండగట్టాయి. పరిశోధన చేసినవారే బోధించాలన్న ధోరణి అక్కడి నుంచి బలపడింది. 1961లో అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ సహకారంతో మొదలైనప్పుడు దానికి అండగా నిలిచిందీ అదే ఫోర్డ్ ఫౌండేషన్. ఆ విధంగా హార్వర్డ్ చర్చా పద్ధతినీ, పరిశోధన పట్టా ఉంటేనే అధ్యాపకుడన్న పట్టింపునూ మనం ఒకే దశాబ్దంలో, ఇంచుమించు ఒకే చేతి మీదుగా అందుకున్నాం. అహ్మదాబాద్ మాత్రం మూడో సంగతిని మరువలేదు. కేస్ నడపడం విడిగా నేర్చుకోవలసిన విద్య అని గుర్తించి, తన అధ్యాపకులను హార్వర్డ్‌లోని అంతర్జాతీయ అధ్యాపక శిక్షణకు పంపింది. హైదరాబాద్‌లోని అనుబంధ కళాశాలల దాకా ఆ మూడోది రాలేదు.

కేసులు రాయడంలో మాత్రం హైదరాబాద్ వెనకబడలేదు. 1984లో ఎన్.జె. యశస్వి స్థాపించిన ఇక్ఫాయ్ ఈ నగరం నుంచే వేల కేసులు రాయించి, యూరోపియన్ కేస్ క్లియరింగ్ హౌస్ ద్వారా ప్రపంచమంతా పంపిణీ చేయించింది. అయితే వాటిలో ఎక్కువ భాగం ప్రచురిత సమాచారం ఆధారంగా, పత్రికలూ వార్షిక నివేదికలూ చూసి రాసినవి. నిర్ణయం తీసుకున్న మనిషితో మాట్లాడి రాసిన కేస్ వేరు, ఆ నిర్ణయం గురించి పత్రికలో వచ్చినది చూసి రాసిన కేస్ వేరు. రెండో రకంలో గది లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అలాంటి కేస్‌ను తరగతిలో నడిపించేవాడికి కూడా ఆ గదులతో పరిచయం లేకపోతే, చర్చ మూడో చేతి సమాచారం మీద నడుస్తుంది.

ఈ లోటు ఎంతటిదో 2009లో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం చూపించింది. 2008 డిసెంబరు 16న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి సత్యం బోర్డు ఆమోదం తెలిపినప్పుడు ఆ బోర్డులో ఒక హార్వర్డ్ ఆచార్యుడూ, అప్పటి ఐఎస్‌బీ డీనూ స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్నారు. మదుపరుల ఆగ్రహంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. జనవరి 7న రామలింగరాజు లేఖతో, పుస్తకాల్లో ఉన్న ఐదు వేల కోట్ల రూపాయలకు పైగా నగదు అసలు లేదని తేలింది. డీన్ ఆ నెలలోనే పదవి నుంచి తప్పుకున్నారు. ఆ తరువాత ఈ నగరంలో సత్యం కేస్ చెప్పని ఎంబీఏ తరగతి లేదంటే అతిశయోక్తి కాదు. చాలా చోట్ల అది కార్పొరేట్ గవర్నెన్స్ నిర్వచనంతో మొదలై స్వతంత్ర డైరెక్టర్ల విధులతో ముగిసేది. ఆడిట్ సంస్థలో పనిచేసి వచ్చిన వ్యక్తి అదే కేస్ నడిపితే మొదటి ప్రశ్న వేరుగా ఉంటుంది: ఫిక్స్‌డ్ డిపాజిట్ల ధ్రువీకరణ పత్రాలను ఆడిటర్ నేరుగా బ్యాంకు నుంచి తెప్పించుకున్నాడా, లేక కంపెనీ చేతికి ఇచ్చినవి తీసుకున్నాడా? 2011లో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, సత్యం లెక్కలు చూసిన ఆడిట్ సంస్థకు చెందిన భారతీయ శాఖల మీద 60 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ఎత్తిచూపిన ప్రధాన లోపం సరిగ్గా అదే. రాజు కూడా ఒకప్పుడు వేదికల మీద అనుభవజ్ఞుడిగా సన్మానాలు అందుకున్నవాడే గదా అని అధ్యాపకులు గుర్తు చేస్తారు. అందులోనూ నిజం లేకపోలేదు.

యూజీసీ 2022 మార్గదర్శకాలు ఈ నేపథ్యంలో వచ్చాయి. తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం, అదీ పై స్థాయిలో ఉండాలి. విద్యార్హత తప్పనిసరి కాదు. బోధన వృత్తిలో ఉన్నవారు, అందులో రిటైర్ అయినవారు అర్హులు కారు. సంస్థలో వీరి సంఖ్య మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. మొత్తం కాలం మామూలుగా మూడేళ్లు, ప్రత్యేక సందర్భాల్లో మరో ఏడాది. ఈ నియామకాలు మంజూరైన పోస్టులకు అదనమనీ, రెగ్యులర్ నియామకాలను తగ్గించవనీ కూడా అందులో రాసి ఉంది. రెగ్యులర్ అధ్యాపకుల భయం ఆ రాతను దాటి ఉంది. పోస్టులు నింపకుండా ఏళ్లు గడిపే విశ్వవిద్యాలయాలకూ, జీతం భారం తగ్గించుకోవాలని చూసే యాజమాన్యాలకూ ఇది ఒక సాకు అవుతుందని వారంటున్నారు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం మేనేజ్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికే మాస్టర్స్ తరువాత రెండేళ్ల వృత్తి అనుభవం కావాలి కాబట్టి తమకు అనుభవమే లేదనడం తప్పని కూడా వారి వాదన. పోస్టుల విషయంలో వారి ఆందోళన సబబే. రెండేళ్ల సంగతి మాత్రం వేరు. కంపెనీలో రెండేళ్లంటే పని నేర్చుకునే కాలం, నిర్ణయం తీసుకునే కాలం కాదు.

అనుభవజ్ఞులను తెచ్చాక కళాశాలలు వారిని ఎలా వాడుకుంటున్నాయన్నది మరో కథ. చాలా చోట్ల అది ఇప్పటికీ గెస్ట్ లెక్చరే. శాలువా, మెమెంటో, బ్యానర్ ముందు ఫొటో, చివర్లో ఐదు నిమిషాల ప్రశ్నలు. నగర శివార్లలోని ఒక కళాశాలలో ఈ వ్యాసకర్త చూసిన తరగతి అందుకు కొంత భిన్నం. ప్రభుత్వ రంగ బ్యాంకులో రుణాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన అధికారి ఒకరు జీడిమెట్లలోని ఒక చిన్న పరిశ్రమ లెక్కలను, పేరు మార్చి, విద్యార్థులకు ఇచ్చారు. సరకు నిల్వ 80 లక్షలు, అందులో సరఫరాదారులకు ఇవ్వవలసినది 20 లక్షలు, రావలసిన బాకీలు 40 లక్షలు, బ్యాంకు మంజూరు చేసిన పరిమితి 75 లక్షలు. మార్జిన్, అంటే బ్యాంకు అప్పు ఇవ్వకుండా మినహాయించే వాటా, 25 శాతం. విద్యార్థులు 60కి 40 కలిపి, నూటిలో నాలుగో వంతు తీసేసి, సరిగ్గా 75 లక్షలు వచ్చిందని సంబరపడి, పూర్తిగా ఇవ్వవచ్చన్నారు. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. బాకీల జాబితా రెండో పేజీ తిప్పమన్నారు. అందులో 12 లక్షలు 90 రోజులు దాటినవి. వాటిని లెక్కలోకి తీసుకోకపోతే డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగల మొత్తం, 66 లక్షలకు దిగుతుంది. ‘ఇప్పటికే 75 లక్షలు వాడేసుకుని, రేపు జీతాలివ్వాలని ఓనరు మీ ఎదుట కూర్చున్నాడు. ఆ తొమ్మిది లక్షల గురించి ఏమంటారు?’ అని అడిగారు. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనక వరుసలోని ఒక అమ్మాయి, ఆ బాకీ పడినవాడు ఎవరో ముందు తెలుసుకోవాలి సార్ అంది. చర్చ నిజంగా మొదలైంది అప్పుడు.

ఆ చర్చ ఇరవై నిమిషాలకు మించి నిలవలేదన్నదీ చెప్పాలి. ఆ అమ్మాయి ప్రశ్న అందుకుని అధికారి తన సర్వీసులోని ఒక మొండి బాకీ కథ మొదలుపెట్టారు. కథ బాగుంది, అందరూ నవ్వారు, ఆ తరువాత ఆయన తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఏ క్షణంలో నోరు మూసుకోవాలో, ఒకరి మాటను ఎవరి మాటకు ఎదురు నిలపాలో, బోర్డు మీద ఏది రాసి ఏది వదిలేయాలో ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం నేర్పదు. యూజీసీ చెప్పిన అర్హతల్లో ఆ ఊసు లేదు. ఆ సబ్జెక్టు చెప్పే రెగ్యులర్ అధ్యాపకురాలు, తరగతి నడపడంలో ఆయన కన్నా ఆరితేరినవారే, ఆ రెండు గంటలూ చివరి బెంచీలో హాజరు పట్టిక పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ ముందే కలిసి ఆ కేస్‌ను తయారు చేసుకోవాలన్న ఆలోచన టైమ్‌టేబుల్ వేసినవారికి రాలేదు. ఆ సెమిస్టర్ చివర విశ్వవిద్యాలయ పరీక్షలో వర్కింగ్ క్యాపిటల్‌ను, అంటే సంస్థ రోజువారీ నడకకు కావలసిన పెట్టుబడిని, నిర్వచించి, దాన్ని నిర్ణయించే అంశాలు వివరించమని అడిగారు.