పొలం లేకపోతే చదువు లోను రాదా? అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో బ్యాంకు లోన్ల సీట్లో కూర్చున్నప్పటి నుంచి, ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయ్యాక ఇదే మాట వింటున్నాను: "మాకు పొలం లేదు, సొంతిల్లు లేదు. మాకెవరిస్తారు సార్?"

మొన్న చీమకుర్తి నుంచి ఒకామె వచ్చింది. భర్త గ్రానైట్ క్వారీలో కూలి. కూతురికి కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా హాస్టల్‌కి, ల్యాప్‌టాప్‌కి అని లక్షా ఇరవై వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 3,600 వడ్డీకే పోతోంది. తనఖా లేనిదే బ్యాంకు గడప తొక్కనివ్వరని ఊళ్లో ఎవరో చెప్పారట. తెలియకపోతే ఊరుకోవాలి గానీ, ఇలాంటి మాటలు చెప్పి పిల్లల చదువుతో ఆడుకోకండి.

4 లక్షల వరకు చదువు రుణానికి తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అమ్మో నాన్నో కలిసి సంతకం పెట్టాలి, అంతే. ఏడున్నర లక్షల వరకు పూచీగా 2015లో కేంద్రం గ్యారంటీ నిధి పెట్టింది. హాస్టల్, ల్యాప్‌టాప్ ఖర్చులు కూడా లోనులోకే వస్తాయి. చదువు అయిపోయాక మరో ఏడాది దాకా కంతులు కట్టనక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, అర్హత ఉన్న కాలేజీల్లో వృత్తి కోర్సులకు అన్నాళ్ల వడ్డీ కేంద్రమే భరిస్తుంది. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టుకోవాలి.

2003లో నా ఇంజినీరింగ్ ఫీజుకి మా నాయన పాడిగేదెల్ని అమ్మాడు. ఆయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూలి. అప్పటికే బ్యాంకుల్లో చదువు రుణాలు ఉన్నాయి. మా వీధిలోని టీచరు గారబ్బాయి తీసుకున్నాడు కూడా. వాళ్లింట్లో తెలిసిన మనిషి ఉన్నాడు, మా బంధువుల్లో ఒక్కరూ లేరు. గేదెల్ని తోలుకుపోతుంటే అమ్మ లోపలే ఉండిపోయింది.

'చదువులేని ఇంటి పిల్లలకు బుర్ర ఉండదు' అనేది పచ్చి అబద్ధం. 'కష్టపడితే చాలు, ఇంటి పరిస్థితితో పనేంటి' అనేవాళ్లు ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ 2018లో వేసిన లెక్క చూడాలి: పేద కుటుంబం సగటు ఆదాయానికి చేరడానికి డెన్మార్క్‌లో రెండు తరాలు, మన దేశంలో ఏడు.

మిగిలిన మూడేళ్లకైనా లోను పెట్టుకోమని ఆ చీమకుర్తి ఆమెకు చెప్పి, కావలసినవి కాగితం మీద రాసిచ్చాను: అలాట్‌మెంట్ ఆర్డరు, మార్కుల జాబితాలు, తహసీల్దారు ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం, ఖర్చుల వివరాలతో కాలేజీ ఇచ్చే లెటరు, ఆధార్, పాన్. సోమవారం కూతుర్ని వెంటబెట్టుకుని వస్తానంది.