మీట ఒకరిది, బిల్లు మరొకరిది

జీవశాస్త్ర విభాగం ఉన్న ఏ విశ్వవిద్యాలయంలోనైనా ల్యాబ్ పక్కనో, వరండా చివరో బీరువా అంత ఎత్తున్న ఫ్రీజర్ ఒకటి ఎప్పుడూ రొద పెడుతూ ఉంటుంది. లోపల మైనస్ 80 డిగ్రీలు. పాత మోడల్ అయితే రోజుకు 20 యూనిట్ల దాకా కరెంటు తాగుతుంది. తలుపు తీస్తే మంచు పేరుకున్న డబ్బాలు, వాటి మీద సగం చెరిగిన రాతలు కనిపిస్తాయి. అందులో కొన్ని ఎప్పుడో పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోయిన వాళ్లవి. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు, పారేసే ధైర్యమూ ఎవరికీ ఉండదు.

అక్కడికి కాస్త దూరంలోని పరిపాలనా భవనంలో గోడకు ఒక ప్రకటన ఫ్రేము కట్టి ఉంటుంది. ఫలానా సంవత్సరానికల్లా మా క్యాంపస్ కర్బన ఉద్గారాలను సున్నా చేస్తామని అందులో రాసి, కింద ఉపకులపతి సంతకం చేసి ఉంటారు. ఆ ఫ్రేముకీ ఈ ఫ్రీజర్‌కీ మధ్య సంబంధం ఎలా కలుస్తుందన్నదే అసలు ప్రశ్న. చాలాచోట్ల అది కలవనే కలవదు.

ఇలాంటి సంతకాలు కొత్తేమీ కాదు. 1990లో ఫ్రాన్స్‌లోని తాల్వార్ అనే ఊళ్లో, అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు జీన్ మేయర్ పిలుపు మీద 22 మంది విశ్వవిద్యాలయాధిపతులు సమావేశమై పది అంశాల ప్రకటన ఒకటి తయారుచేశారు. పర్యావరణాన్ని పాఠాల్లోకీ, పరిశోధనల్లోకీ, క్యాంపస్ నిర్వహణలోకీ తీసుకురావాలన్నది దాని సారం. తర్వాత ఐదొందలకు పైగా సంస్థలు దాని మీద సంతకం పెట్టాయి. మాట ఇవ్వడానికి మనుషులు దొరక్కపోవడం ఎప్పుడూ సమస్య కాలేదు.

సమస్య లెక్కల పుస్తకంలో ఉంది. విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా కరెంటు బిల్లు విభాగాలకు రాదు. ఇంజనీరింగ్ విభాగం వాళ్లో, ఫైనాన్స్ ఆఫీసు వాళ్లో అన్ని భవనాలకూ కలిపి ఒక్కసారే కట్టేస్తారు. ఫ్రీజర్ కొనే ప్రొఫెసర్‌కి దాని ధర తెలుసు, అది పదిహేనేళ్లలో తినే కరెంటు ఖర్చు మాత్రం ఆయన గ్రాంటులోంచి పోదు కాబట్టి కంటికి ఆనదు. కొనుగోళ్ల సెక్షన్‌లో టెండర్ తెరిచే గుమాస్తా కూడా తక్కువ కొటేషన్ ఎవరిదో చూస్తాడు. అతని తప్పేమీ లేదు, అతన్ని చూడమన్నది అదే. మీట నొక్కే చెయ్యి ఒకటి, డబ్బు కట్టే చెయ్యి ఇంకొకటి అయినప్పుడు పొదుపు ఎవరి పనీ కాకుండా పోతుంది.

అందుకే నా దృష్టిలో మొదటి పని సోలార్ పలకలు కాదు, మీటర్లు. క్యాంపస్ మొత్తానికి ఒక్క మీటర్ ఉంటే నెల చివర ఒక్క అంకె తెలుస్తుంది, దాన్ని చూసి నిట్టూర్చడం తప్ప చేయగలిగింది లేదు. భవనానికొక మీటర్ పెట్టి గంటగంటకీ లెక్క తీస్తే కథ మారుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది రాత్రి రెండు గంటల అంకె. మనుషులు లేని భవనం ఆ వేళ ఎంత వాడుతోంది? పగటి వాడకంలో సగం అప్పుడూ నడుస్తోందంటే, ఆ కరెంటు చదువుకు పోవడం లేదు. ఎవరూ ఆపని ఫ్యాన్లకు, ఖాళీ హాలును చల్లబరుస్తున్న ఏసీలకు, ఎవరికోసమో వెలుగుతున్న దీపాలకు పోతోంది.

లెక్క కళ్లముందు కనబడితే మనుషులు మారతారా? 2005లో అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీలో దీన్ని పరీక్షించారు. హాస్టళ్ల మధ్య రెండు వారాలపాటు కరెంటు పొదుపు పోటీ పెట్టారు. కొన్ని హాస్టళ్లలో వాడకం ఎప్పటికప్పుడు తెరమీద కనబడేది, మిగతా వాటికి వారానికోసారి మీటర్ చూసి చెప్పేవారు. మొత్తం మీద వాడకం 32 శాతం తగ్గింది. తెర ఉన్న చోట 55 శాతం, వారానికోసారి చెప్పిన చోట 31 శాతం. నీళ్ల వాడకం మాత్రం 3 శాతమే తగ్గింది. పోటీ వేడిలో వచ్చిన పొదుపు ఏడాది పొడవునా అలాగే నిలుస్తుందని ఆశపడకూడదు, రెండు వారాలు చీకట్లో మెట్లెక్కిన కుర్రాడు మూడో వారం లైటు వేసుకుంటాడు. అయినా పోటీ ఒక విషయం తేల్చింది: వాడకానికీ కబురుకీ మధ్య వ్యవధి ఎంత తగ్గితే ఫలితం అంత పెరుగుతుంది.

యేల్ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు ముందుకేసి డబ్బునే కదిపింది. వాతావరణ మార్పుల ఆర్థికశాస్త్రంలో పనికి 2018లో నోబెల్ అందుకున్న విలియం నోర్డ్‌హాస్ అక్కడి ప్రొఫెసరే. ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ సలహాతో 2015 చివర్లో 20 భవనాల మీద ప్రయోగం మొదలుపెట్టారు. ఆ భవనాలను జట్లుగా విడదీసి, కొన్నిటికి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి 40 డాలర్ల రుసుము వేశారు, కొన్నిటికి లెక్క చూపించి ఊరుకున్నారు. రుసుము పడ్డ భవనాల్లో వాడకం మిగతా వాటికంటే ఎక్కువ తగ్గింది. 2017లో దాన్ని క్యాంపస్ అంతటికీ విస్తరించారు. ఇందులో ఒక కిటుకు ఉంది. వసూలైన సొమ్ము ఎక్కడికీ పోదు, సగటు కన్నా బాగా తగ్గించిన వాళ్ల ఖాతాలోకి మళ్లుతుంది. దాంతో విభాగాధిపతి బడ్జెట్ కాగితంలో ఇంతకుముందు లేని వరుస ఒకటి వచ్చి కూర్చుంటుంది. కాగితంలో వరుస ఉంటే మీటింగ్‌లో దాని మీద మాట ఉంటుంది.

ఇక ల్యాబుల సంగతి. ఫ్యూమ్ హుడ్ అంటే విషవాయువులు ముక్కుకు తగలకుండా లాగేసే గాజు తలుపు పెట్టె. అది లాగేది ఒట్టి గాలి కాదు, మనం డబ్బు పోసి చల్లబరిచిన లేదా వేడిచేసిన గాలి. దాన్ని పైకప్పు మీదనుంచి ఊదిపారేశాక, అంత గాలినీ మళ్లీ లోపలికి తెచ్చి మొదటినుంచీ చల్లబరచాలి. ఒక్క హుడ్ అమెరికాలోని మూడున్నర ఇళ్లంత శక్తిని ఖర్చు చేస్తుందని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు లెక్కగట్టారు. తలుపు దించండి అని స్టిక్కర్లు అంటించడం అందుకే చాలాచోట్ల మొదలైంది.

స్టిక్కర్ ఒక్కటే చాలదు. తలుపు దించితే ఫ్యాన్ వేగం తగ్గే ఏర్పాటు ఉన్న హుడ్‌లోనే పొదుపు వస్తుంది. పాతకాలపు హుడ్ తలుపు ఎక్కడున్నా అంతే గాలి లాగుతుంది. అక్కడ విద్యార్థి ఎంత శ్రద్ధగా తలుపు దించినా అతని భద్రత పెరుగుతుందేమో గాని మీటర్ కదలదు. హుడ్ మార్చకుండా పోస్టర్ అంటించడం చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

ఫ్యాన్ వేగం దగ్గర భౌతికశాస్త్రం మనకొక వరమిచ్చింది. ఫ్యాన్‌కి కావలసిన శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని 20 శాతం తగ్గించారనుకోండి, గాలి కూడా 20 శాతమే తగ్గుతుంది. శక్తి మాత్రం 0.8 ని మూడుసార్లు గుణించినంత, అంటే 0.512కి పడిపోతుంది. గాలి అయిదో వంతు పోతే కరెంటు సగం మిగిలింది! నీళ్లను గొట్టాల్లో తిప్పే పంపులకూ ఇదే సూత్రం. చాలా పాత భవనాల్లో మోటార్ పూర్తి వేగంతో తిరుగుతుంటే అడ్డుగా రేకు తలుపు మూసి గాలి తగ్గిస్తారు, యాక్సిలరేటర్ తొక్కి పట్టి బ్రేకుతో కారు నడిపినట్టు. మోటార్ వేగాన్నే మార్చే డ్రైవ్ పెడితే ఆ దండుగ తప్పుతుంది. నిజమైన భవనంలో గొట్టాల్లో నిలకడగా ఉంచాల్సిన ఒత్తిడి వల్ల లాభం ఈ లెక్కంత పూర్తిగా రాదు, వచ్చినంతా మాత్రం పెద్దదే.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్టాన్‌ఫోర్డ్‌ది. అక్కడ 1987 నుంచి గ్యాస్‌తో నడిచే ఒక ప్లాంటు కరెంటునీ, భవనాలను వేడిచేసే ఆవిరినీ ఇచ్చేది. ఇంకో పక్క చిల్లర్లు, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రాలు, భవనాల్లోని వేడిని లాగి కూలింగ్ టవర్ల గుండా ఆకాశంలోకి వదిలేవి. ఇంజనీర్లు గంటగంటకీ లెక్కలు ముందు పరిచి చూస్తే విచిత్రం బయటపడింది. ఏడాదిలో చాలా గంటలు క్యాంపస్ ఒకచోట వేడిని పారబోస్తూ, అదే సమయంలో ఇంకోచోట గ్యాస్ కాల్చి వేడి పుట్టిస్తోంది. ఇది అసంభవమేమీ కాదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. రెండొందల మంది నిండిన క్లాసురూమ్ అంటే 20 కిలోవాట్ల హీటరు. సర్వర్లకైతే చలికాలమన్నదే లేదు. ఇటు తీసిన వేడిని అటు చేరవేస్తే సరిపోతుంది కదా!

2015 నాటికి వాళ్లు ఆ పనే చేశారు. గ్యాస్ ప్లాంటు మూసి, ఒకచోట తీసిన వేడిని వృథా పోనివ్వకుండా వేడినీళ్లలోకి ఎక్కించే చిల్లర్లు పెట్టారు. ఒక పూట మిగిలిన వేడినీ చల్లదనాన్నీ ఇంకో పూటకు దాచే భారీ నీళ్ల ట్యాంకులు కట్టారు. ఆవిరి గొట్టాలు తీసేసి 30 కిలోమీటర్లకు పైగా వేడినీళ్ల గొట్టాలు వేశారు. టవర్లలో ఆవిరైపోయే నీళ్లు కూడా ఆదా అయ్యాయి. ఈ మొత్తానికి బీజం కొత్త యంత్రం కాదు, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడటం. ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం భూమినే ట్యాంకుగా వాడుకుంది. 2009లో తవ్వకం మొదలుపెట్టి వేలాది బోర్లు వేసి, వేసవి వేడిని నేలలో దాచి చలికాలంలో తీసుకుంటూ, తన బొగ్గు బాయిలర్లను ఆర్పేసింది.

భోజనశాలలో పని ఇంత కష్టం కాదు. కేంబ్రిడ్జ్ కాలేజీ క్యాంటీన్ల మీద 2019లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, నాలుగు వంటకాల్లో శాకాహారం ఒకటికి బదులు రెండు పెడితే వాటి అమ్మకంలో పెరుగుదల తక్కువలో తక్కువ 41 శాతం, ఎక్కువలో ఎక్కువ 79 శాతం. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, దేన్నీ నిషేధించలేదు. ట్రేలు ఎత్తేస్తే వృథా తగ్గుతుందని కూడా తేలింది, చేతికి పట్టినంతే తెచ్చుకుంటారు మరి.

విమాన ప్రయాణాల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ గొంతు సవరించుకుంటారు. ఉద్గారాల లెక్కలో మూడు పొరలున్నాయి: క్యాంపస్‌లో స్వయంగా కాల్చిన ఇంధనం ఒకటి, కొన్న కరెంటు రెండు, మిగతాదంతా మూడు. సదస్సులకు ఎగిరే విమానాలు, కొన్న పరికరాలు, కొత్త భవనానికి పోసిన సిమెంటు అన్నీ ఆ మూడో పొరలోవే. చాలా ప్రకటనలు మొదటి రెంటి దగ్గరే ఆగిపోతాయి. 2019లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 705 మంది ప్రయాణాలను పరిశీలించారు. ఎక్కువ ఎగిరినవాళ్ల పరిశోధన ఎక్కువ ఫలించిందనడానికి ఆధారం దొరకలేదు. పర్యావరణం మీద పనిచేసేవాళ్లు కూడా మిగతావాళ్ల కంటే తక్కువేం ఎగరలేదు.

తగ్గించలేనిదాన్ని ఎక్కడో చెట్లు నాటించి సరిపెట్టుకోవచ్చు. ఆ దారిలో 'కర్బన తటస్థం' అని ప్రకటించుకున్న సంస్థలున్నాయి. మిగిలిన కొంచెం కోసం అయితే అభ్యంతరం లేదు. కానీ మన పొగ గాలిలో శతాబ్దాల పాటు ఉంటుంది, నాటిన అడవి అన్నాళ్లూ కాలిపోకుండా ఉంటుందని హామీ ఎవరిస్తారు?

డబ్బెక్కడిదంటారా? హార్వర్డ్ ఒక పద్ధతి నడిపింది. కొంత నిధి పక్కన పెట్టి విభాగాలకు అప్పుగా ఇచ్చేది. వాళ్లు డ్రైవ్‌లు పెట్టి, దీపాలు మార్చి, బిల్లులో మిగిలిన సొమ్ముతో అప్పు తీర్చేవారు. అదే సొమ్ము ఇంకో విభాగానికి వెళ్లేది.

మళ్లీ ఆ ఫ్రీజర్ దగ్గరికి వద్దాం. మైనస్ 80ని మైనస్ 70కి మారిస్తే కరెంటు సుమారు 30 శాతం దాకా తగ్గుతుంది. చాలా రకాల నమూనాలకు ఆ పది డిగ్రీల తేడా లెక్కలోది కాదు, ఒకప్పుడు వాటిని అక్కడే దాచేవారు కూడా. అమెరికాలో కొలరాడో బోల్డర్ లాంటి విశ్వవిద్యాలయాల్లో ఈ మార్పు చేసిన ల్యాబులున్నాయి. డబ్బాలన్నిటికీ జాబితా రాసి, యజమాని లేనివి తీసేస్తే, రెండు ఫ్రీజర్లలోవి ఒకదాంట్లోకి వచ్చేస్తాయి. ఇంత పనికి ఉపకులపతి సంతకం అక్కర్లేదు. ల్యాబ్ టెక్నీషియన్‌కి ఒక శనివారం, పట్టుకోవడానికి మందపాటి చేతి తొడుగులు, ఈ డబ్బా పారేయవచ్చని రాసిచ్చే ప్రొఫెసర్ ఒకరు ఉంటే చాలు. ఆ మూడింటిలో దొరకడం కష్టమయ్యేది ప్రొఫెసర్ సంతకమే.