తొడ ముక్క ఎందుకు కరిగింది, బ్రెస్ట్ ఎందుకు పీచయింది?

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. కూతురు కొనిచ్చిన స్లో కుక్కర్‌లో ఆవిడ ఇటాలియన్ వాళ్ల వేటగాళ్ల కోడి కూర, ‘పోలో అల్లా కచ్చతోరా’ వండారు. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, క్యాప్సికమ్, రోజ్‌మేరీ ఆకు వేశారు. మార్కెట్లో కోడిని మొత్తం ముక్కలు కొట్టించి, అన్నీ కలిపి ఎనిమిది గంటలు వదిలేశారు. మూత తీసి చూస్తే తొడ, కాలు ముక్కలు ఎముక వదిలి జారిపోతున్నాయి. బ్రెస్ట్ ముక్కలేమో ఎండు పీచులా పళ్లలో ఇరుక్కుంటున్నాయి. “ఒకే కుండ, ఒకే వేడి, ఒకే పులుసు కదా! ఇంత తేడా ఎలా వచ్చింది?” అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్తాం.

స్లో కుక్కర్ గురించి చెప్పాల్సింది కొంచెమే. పింగాణీ కుండ, చుట్టూ ఒకటి రెండు వందల వాట్ల హీటర్, పైన మూత. ‘లో’ మీద పెట్టినా ‘హై’ మీద పెట్టినా చాలా మోడళ్లలో చివరికి పులుసు చేరే వేడి దాదాపు ఒకటే, మరిగే స్థాయికి కాస్త కింద. అక్కడికి చేరడానికి పట్టే సమయమే వేరు. కాబట్టి ‘లో’ మీద పెడితే బ్రెస్ట్ బాగుంటుందనుకోవద్దు.

మాంసంలో మనకు కావలసినవి రెండు: కండర తంతువులు, వాటిని కట్టి ఉంచే కొల్లాజెన్. ఈ రెండిటికీ వేడితో ఉన్న సంబంధం పూర్తిగా వేరు. తంతువుల్లోని మయోసిన్ అనే ప్రోటీన్ 50 డిగ్రీల దగ్గర్నుంచే గట్టిపడుతుంది. ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ 66 నుంచి 73 డిగ్రీల మధ్య గట్టిపడి, పట్టి ఉంచిన నీటిని బయటికి పిండేస్తుంది. ఈ పని వేడి చేరిన కాసేపటికే అయిపోతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు ఉంచినా తంతువు మళ్లీ నీరు పట్టదు. కొల్లాజెన్ సంగతి వేరు. దానికి వేడి ఒక్కటే చాలదు, సమయం కూడా కావాలి. ఎనిమిది గంటలు ఉడికించేది కొల్లాజెన్ కోసమే.

ఈ కొల్లాజెన్ ఏమిటో తెలియాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పడవల్ని కట్టే మోకును ఒకదాన్ని చేత్తో పట్టుకుని చూడండి. అందులో మూడు పేటలుంటాయి. ఒక్కో పేటకు పురి ఒక వైపుకు ఎక్కిస్తారు, మూడిటినీ కలిపి పేనేటప్పుడు రెండో వైపుకు ఎక్కిస్తారు. పేట విడిపోబోతే మోకు పురి బిగుస్తుంది, మోకు విడిపోబోతే పేట బిగుస్తుంది. కొల్లాజెన్ అణువు అచ్చం ఇలాగే ఉంటుంది. మూడు గొలుసులు, ఒక్కోదానికి ఎడమ పురి, మూడూ కలిసిన మోకుకు కుడి పురి. పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మూడు పేటలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయని మరుసటి ఏడాది సవరించి చెప్పారు. వారికి కావలసిన స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు) నమూనాలు అదే ఊళ్లోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ నుంచి వచ్చాయి, అందులో కంగారూ తోక స్నాయువు కూడా ఉంది. మన ఇంటర్ పిల్లలకు ‘జంతు ప్రపంచంలో అత్యధికంగా ఉండే ప్రోటీన్ కొల్లాజెన్’ అని ఒక్క వాక్యం బట్టీ పట్టించి ముందుకు వెళ్లిపోతాం. ఆ రోజు క్లాసులోకి ఒక మూరెడు మోకు, ఒక గిన్నె పాయా తెస్తే ఎంత బాగుంటుందో!

మూడు పేటలు అంత దగ్గరగా రావాలంటే నడిమధ్యన దాదాపు చోటే ఉండకూడదు. ప్రతి గొలుసూ అమైనో ఆమ్లాలు అనే ముక్కల వరుసే. వాటన్నిట్లో చిన్నది గ్లైసిన్, దానికి పక్కకు పొడుచుకొచ్చే భాగం ఒకే ఒక్క హైడ్రోజన్ పరమాణువు. అందుకే ఒక్కో గొలుసులో ఉండే సుమారు వెయ్యి అమైనో ఆమ్లాల్లో ప్రతి మూడోదీ గ్లైసినే, అదీ లోపలి వైపుకే తిరిగి ఉంటుంది. ఒక్కచోట అది మారినా పురి సరిగా కుదరదు. చిన్న దెబ్బకే ఎముకలు విరిగిపోయే పుట్టు జబ్బు ఒకటుంది, ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. చాలామంది రోగుల్లో దాని మూలం ఇలాంటి మార్పే. పురి బిగువుగా నిలవడానికి హైడ్రాక్సీప్రోలిన్ అనే ఇంకో ముక్క కావాలి. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని అలా మార్చే ఎంజైము పనిచేయాలంటే విటమిన్ సి ఉండాలి. నిమ్మకాయలు లేక నెలల తరబడి సముద్రం మీద ఉన్న నావికులకు చిగుళ్ల నుంచి రక్తం కారింది అందుకే, వాళ్ల ఒంట్లోని కొల్లాజెన్ మోకుల్లో పురి నిలవలేదు.

ఇప్పుడు ఈ మోకును కుక్కర్‌లో వేద్దాం. 60, 65 డిగ్రీల దగ్గర అది ముందు ముడుచుకుంటుంది. ముక్క చిన్నదవడం, గట్టిపడటం మనం చూసేది అప్పుడే. సగం ఉడికిన మాంసం పచ్చి మాంసం కన్నా సాగుతుందంటే కారణమిదే. 70 దాటాక పురి నెమ్మదిగా విడుతుంది, విడిన పేటల మధ్యకు నీరు చేరుతుంది. ఇలా విడిన పేటలనే జెలటిన్ అంటాం. పులుసుకు చిక్కదనం, పెదవులకు అంటుకునే జిగురు దానివే. రోజంతా నిలబడి నడిచే కోడి కాళ్లలో, తొడల్లో కొల్లాజెన్ దండిగా ఉంటుంది. తంతువులు నీరు కోల్పోయినా జెలటిన్ వాటి మధ్య పరుచుకుని మెత్తదనం ఇస్తుంది. ఎగరని ఫారం కోడికి రొమ్ము కండతో పని తక్కువ, కొల్లాజెనూ తక్కువే. అక్కడ విప్పడానికి మోకులే లేవు. తంతువులు మాత్రం రెండు మూడు గంటల్లో పిండేసినట్టయి, తక్కిన ఐదు గంటలూ వృథాగా ఎండాయి.

వయసు పెరిగేకొద్దీ ఒక మోకుకూ ఇంకో మోకుకూ మధ్య రసాయన ముడులు పడతాయి. ఆరు వారాల బ్రాయిలర్‌లో అవి తక్కువ, అరకులో బొంగు చికెన్ అంత త్వరగా ఉడికేది అందుకే. నెలల తరబడి తిరిగిన నాటుకోడిలో ముడులు ఎక్కువ, అందుకే దానికి అన్నేసి విజిల్స్. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి గంటల పని నిమిషాల్లో తేలుతుంది. నన్నడిగితే స్లో కుక్కర్‌కు అసలు తగినది నాటుకోడే.

ఇక చేపల దగ్గరికి వస్తే, ఆ మోకుల్లో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువ, పురి చాలా తక్కువ వేడికే విడిపోతుంది. వంజరం పులుసు పది పదిహేను నిమిషాల్లో దింపేయవచ్చు, ఇంకాసేపుంచితే చెదిరిపోతుంది. చల్లని సముద్రాల చేపల్లో పురి ఇంకా వదులు, మన బంగాళాఖాతం లాంటి వెచ్చటి నీళ్ల చేపల్లో కాస్త గట్టి. జంతువు బతికే వేడికి తగ్గట్టే మోకు బిగువు ఉంటుంది. ఇది నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

మిగిలిన కూర ఫ్రిజ్‌లో గడ్డకట్టేది కూడా ఇందుకే. చల్లబడగానే పేటలు మళ్లీ పురి ఎక్కాలని చూస్తాయి గానీ పాత జోడీలు దొరకవు. దొరికిన చోటల్లా కొద్దికొద్దిగా పెనవేసుకుని, మధ్యలో నీటిని బంధిస్తాయి. ఈ పురి వదులుది, 35 డిగ్రీల లోపే విడిపోతుంది. నోట్లో పెడితే కరిగేది అందుకే, మే నెలలో విశాఖ వంటింట్లో బయట పెడితే పేరుకోనిదీ అందుకే.

ఎముక విరిగినవాళ్లకు పాయా తాగిస్తే ఆ జిగురే ఎముకను అతుకుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. తాగిన జెలటిన్ కడుపులో అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా తెగిపోతుంది. అది నేరుగా వెళ్లి ఎముకకు అంటుకోదు. రుచి కోసం తాగండి, కట్టు మాత్రం డాక్టరు చేత వేయించండి.

మళ్లీ ఇటలీ కూర దగ్గరికి వద్దాం. టమాటా పులుపు కొల్లాజెన్‌ను వదులు చేయడంలో సాయపడుతుంది. అదే పులుపు కూరగాయల్ని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురును మాత్రం త్వరగా కరగనివ్వదు. పెక్టిన్ కరగడానికి 85 డిగ్రీల పైన వేడి కావాలి కూడా. అందుకే క్యారెట్, బంగాళదుంప ఉంటే కుండ అడుగున, అంచుల వెంట వేయాలి. ముక్కల్ని ముందే మూకుట్లో ఎర్రగా వేయించుకోవాలి. ఆ రంగు, ఆ వాసన రావడానికి 140 డిగ్రీలు కావాలి, నీళ్లున్న కుక్కర్ అక్కడికి ఎన్నటికీ చేరదు. మూత బిగుతు వల్ల నీరు ఆవిరైపోదు, కాబట్టి నీళ్లు మామూలు కన్నా బాగా తక్కువ పోయాలి. వైన్ వేసేవాళ్లు దాన్ని కూడా ముందే మూకుట్లో మరిగించాలి, మూత కింద ఆల్కహాల్ సులువుగా పోదు. బ్రెస్ట్ వేయాలనే ఉంటే చివరి గంటన్నరలో వేయండి. మధ్యమధ్య మూత తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

ఈ యంత్రం పుట్టిందే చిక్కుళ్లు, మాంసం కలిపి వండే వంటకం కోసం. లిథువేనియాలోని యూదు కుటుంబాలు శుక్రవారం సాయంత్రం ‘చోలెంట్’ కుండను రొట్టెల బట్టీలో పెట్టి, మర్నాడు తీసేవారు. తల్లి చెప్పిన ఆ ముచ్చట విని ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1936లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1940లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో పిడకల దాలి మీద పాలు ఎర్రగా కాగేది కూడా ఈ పద్ధతిలోనే.

కానీ రాజ్మాను పచ్చిగా స్లో కుక్కర్‌లో వేయకండి. అందులోని ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం 80 డిగ్రీల వంటి వేడికి పోదు, సరిగా ఉడకని గింజల్లో దాని ప్రభావం పచ్చివాటి కన్నా పెరగవచ్చు కూడా. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లేలా మరిగించాకే వేయాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన కోడి గడ్డను కూడా నేరుగా వేయొద్దు. సూక్ష్మజీవులు పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య, గడ్డ ముక్క ఆ మధ్యలో గంటల తరబడి నిలబడిపోతుంది. తుపాను రోజుల్లో కుక్కర్ పెట్టి ఆఫీసుకు వెళ్లి, తిరిగొచ్చేసరికి ఎప్పుడు పోయిందో తెలియకుండా కరెంటు పోయి ఉంటే, ఉడికినట్టు కనిపించినా ఆ కూర పారేయాలి. ఇంట్లో ఉండగా పోతే వెంటనే గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద ఉడికించేయండి.